వెలిగారం వేరు, ఈ పూత వేరు

ప్రొద్దుటూరు కంసాలి నగ అతికేటప్పుడు అతుకుమీద వెలిగారం పూయటం చదువరులు చూచియే ఉంటారు. వేడికి అది కరిగి, లోహంమీది ఆక్సైడ్ పొరను తనలో కలుపుకొని, టంకం పారటానికి దారి చేస్తుంది. దీనికి మన శాస్త్రగ్రంథాలలో ద్రవకారి అని పేరు. బాయిలర్ ఉక్కును విద్యుత్ చాపంతో అతికే ‘ఎ-టిగ్’ పద్ధతిలో పూసే పొడికి కూడా అదే పేరు పెట్టి ఊరుకొంటున్నారు. నా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది.

ముద్దనూరు సమీపాన ఉన్న రాయలసీమ తాపవిద్యుత్ కేంద్రం వంటి చోట్ల ఆవిరి సుమారు 540 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఉంటుంది. అంత వేడిలో, ఒత్తిడికింద, మామూలు ఉక్కు ఏళ్ళ తరబడి మెల్లగా సాగి చివరకు పగులుతుంది. అందుకు ఓర్చుకొనేవాటిలో 9 శాతం క్రోమియం, 1 శాతం మాలిబ్డినం గల ఉక్కు ఒకటి. టంగ్‌స్టన్ కడ్డీతో, ఆర్గాన్ రక్షణలో దీనిని అతికితే ఒక వరుసలో 3 మి.మీ. లోతు దాటటం కష్టం. సిలికా, టైటానియా వంటి ఆక్సైడ్ల పొడిని అసిటోనులో కలిపి కుంచెతో పూస్తే 8, 10 మి.మీ. పలక కూడా ఒక్క వరుసలో అతుకుతుంది. 1960 దశకంలో కీవ్ నగరపు పేటన్ సంస్థలో పుట్టిన ఉపాయమిది. మన దేశంలో కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణుపరిశోధన కేంద్రంవారు ఈ ఉక్కుకు తగిన పూతను రూపొందించారు.

ఇది ఎట్లా జరుగుతుంది? పళ్ళెంలో నీరు పోసి, మిరియాలపొడి చల్లి, నడుమ ఒక సబ్బు చుక్క వేయండి. పొడి అంచులకు పరుగెత్తుతుంది. ఏలన, తలతన్యత తక్కువైన చోటినుండి ఎక్కువైన చోటికి ద్రవం లాగబడుతుంది. కరిగిన ఉక్కులో చాపం కింది నడిభాగం మిక్కిలి వేడి. అక్కడ తలతన్యత తక్కువ. కనుక లోహం అంచులకు పారి, గుంట వెడల్పయి లోతు తగ్గుతుంది. పూతనుండి కాస్త ఆక్సిజన్ కరిగితే ఈ వరస తారుమారవుతుంది. ప్రవాహం నడుమకు వచ్చి అడుగుకు దిగి, వేడిని కూడా దింపుతుంది. పూత వల్ల చాపం సన్నబడటం కూడా తోడవుతుందని కొందరంటారు. ఏది ఎంత అన్న వాదం తెగలేదు. ఏదేమైనా వెలిగారం ఆక్సైడ్‌ను తీసివేసేది, ఇది ఆక్సిజన్‌ను ఇచ్చేది! ఒకే మాట రెండు ఎదురు పనులను కప్పివేస్తున్నది. ఇడుపులపాయలో లోహశాస్త్రం చదివే విద్యార్థి ఈ భేదం ఎరుగకపోతే, పూత దట్టమైనకొద్దీ మేలని భ్రమపడతాడు. నిజానికి ఆక్సిజన్ మితం మించితే లోతు మళ్ళీ తగ్గుతుంది. ఆక్సైడ్ రేణువులు అతుకులో చిక్కుకొంటే దెబ్బకు ఓర్చే గుణమూ తగ్గవచ్చు.

రెండవ లోపం లోతునే కీర్తించటం. వరుసలు తగ్గితే తీగ, శ్రమ, కాలం మిగులుతాయి, కాదనను. కాని ఈ ఉక్కు అతుకులు పెక్కు సార్లు పగిలేది నడుమ కాదు, అతుకు పక్కనే వేడికి మెత్తబడిన సన్నని పట్టీలో. పూత పూసినంత మాత్రాన ఆ పట్టీ మాయం కాదు. అతికిన తరువాత సుమారు 760 డిగ్రీల వద్ద చేయవలసిన ఉష్ణోపచారమూ తప్పదు. గోడ మందం 40 మి.మీ. దాటిన ఆవిరి గొట్టానికి ఒక్క వరుస చాలదు. అంచులు సందు లేకుండా చక్కగా కూర్చవలెను. ప్రయోగశాలలో పడుకోబెట్టిన పలకకు ఇది సులభం, బాయిలర్ నడుమ తల పైకెత్తి పనిచేసే వెల్డరుకు కాదు. కోసిన అతుకు ఛాయాచిత్రం పక్కన దాని దెబ్బ పరీక్ష ఫలితం, వేడిలో బరువు మోసిన గంటలు, అతికిన భంగిమ కూడా అచ్చువేసినప్పుడే ఆ వెల్డరుకు అది పనికివచ్చే వ్యాసమవుతుంది.