చూస్తున్నంతసేపూ కదలని గడియారం

కమొడోర్ 64 మూత విప్పగానే ఎవరైనా ముందు వెతికేది బొమ్మలు గీసే విక్ చిప్‌నీ, సంగీతం పలికించే సిడ్‌నీ. 1982లో వచ్చిన ఆ కంప్యూటర్‌కు పేరు తెచ్చినవి అవే. అదే బోర్డు మీద మాస్ టెక్నాలజీ వారి 6526 చిప్‌లు రెండున్నాయి, ఒక్కోదానికి 40 కాళ్లు. కీబోర్డు, జాయ్‌స్టిక్, డిస్క్ డ్రైవ్ అన్నీ వీటి గుండానే లోపలికి రావాలి. పనితనం చూడాలంటే నేను వీటి దగ్గరే ఆగుతాను.

లోపల 16 రిజిస్టర్లే. ఎనిమిదేసి గీతల పోర్టులు రెండు, 16 బిట్ల టైమర్లు రెండు, బిట్లను వరుసగా పంపే షిఫ్ట్ రిజిస్టర్ ఒకటి, ఒక గడియారం. టైమర్‌కు ఒక సంఖ్య ఇస్తే క్లాక్ కొట్టినప్పుడల్లా ఒకటి తగ్గించుకుంటూ పోతుంది. లెక్క అయిపోగానే ఇంటరప్ట్ పంపి, పక్కన దాచుకున్న సంఖ్యను తనే మళ్లీ ఎక్కించుకుంటుంది. ఐరోపా మోడల్‌లో ఆ సంఖ్య 16421. అక్కడి క్లాక్ సెకనుకు 9,85,248 సార్లు కొడుతుంది కాబట్టి సెకనుకు దాదాపు 60 ఇంటరప్టులు. ప్రతిసారీ ప్రాసెసర్ చేతిలో పని ఆపి, కర్సర్ సంగతీ కీబోర్డు సంగతీ చూసి వస్తుంది. మొదటి టైమర్ ఎన్నిసార్లు అయిపోయిందో లెక్కపెట్టమని రెండోదానికి చెప్పొచ్చు. అలా జత కడితే గంటకు పైగా కొలుస్తాయి.

అసలు ముచ్చట గడియారంలో ఉంది. గంటలు, నిమిషాలు, సెకన్లు, సెకనులో పదో వంతులు – నాలుగు రిజిస్టర్లు. ప్రాసెసర్ ఒకసారికి ఒక బైటే చదవగలదు. టైము 9:59:59.9 అనుకోండి. గంటలు చదివితే 9 వచ్చింది. నిమిషాలు చదివేలోపు పది కొట్టింది, నిమిషాలు 00. చేతికొచ్చిన టైము 9:00. గంట తేడా! ఇది జరక్కుండా 6526లో ఒక ఏర్పాటుంది. గంటల రిజిస్టర్ చదివిన క్షణంలోనే నాలుగు అంకెలూ బయటికి బిగుసుకుపోతాయి. లోపల గడియారం నడుస్తూనే ఉంటుంది. పదో వంతులు చదివాక బిగింపు వదులుతుంది. టైము దిద్దేటప్పుడు గంటలు రాయగానే గడియారం నిజంగానే ఆగి, పదో వంతులు రాసేదాకా కదలదు. దీనికోసం వేరే ఆజ్ఞ లేదు, వేరే బిట్ లేదు. చదవడమే ఆజ్ఞ.

ఇంటరప్ట్ రిజిస్టర్‌లోనూ ఇదే చాకచక్యం. చదివితే ఏ ఇంటరప్ట్ వచ్చిందో చెప్పి, వెంటనే తుడిచేసుకుంటుంది. రాసేటప్పుడు పై బిట్ 1 అయితే మీరు గుర్తుపెట్టినవి మాత్రమే తెరుచుకుంటాయి, 0 అయితే అవి మాత్రమే మూసుకుంటాయి. మిగతావాటి జోలికి పోదు. పాత విలువ చదివి, మార్చి, తిరిగి రాసే తతంగమే లేదు.

ఇంత ముందుచూపున్న చేతులే టైమర్ల దగ్గర ఎందుకు బిగపట్టాయో! వాటి రెండు బైట్లకు అలాంటి బిగింపు లేదు. నడుస్తున్న టైమర్‌ను చదివితే పై బైటు ఒక క్షణానిది, కింది బైటు ఇంకో క్షణానిది కావచ్చు. రెండో టైమర్ ముగిసే సమయానికి సరిగ్గా ముందు ఇంటరప్ట్ రిజిస్టర్ చదివితే ఆ ఇంటరప్ట్ గల్లంతయ్యే లోపమూ ఉంది. మొదటి జాయ్‌స్టిక్ కీబోర్డు గీతలనే పంచుకోవడంతో ఫైర్ నొక్కితే తెర మీద స్పేస్ పడుతుంది. అది మాత్రం చిప్ తప్పు కాదు, దాన్ని అమర్చినవాళ్ల పొదుపు.

ఇంత ముద్దుగా చేసిన గడియారాన్ని కమొడోర్ బేసిక్ టైము చెప్పడానికి వాడనే వాడదు. అడిగితే ఇంటరప్టులు లెక్కపెట్టుకుని చెబుతుంది, క్యాసెట్ నడిచినప్పుడు ఆ లెక్క తప్పుతుంది. తర్వాత 1985లో అమీగాకు 8520 పేరుతో ఈ చిప్‌నే మార్చి పెట్టారు. గంటలూ నిమిషాలూ తీసేసి, ఆ చోట ఉత్త 24 బిట్ల కౌంటర్ ఉంచారు. దాని మూడు బైట్లలోనూ పై బైటు చదవగానే అంకెలు బిగుసుకుంటాయి, కింది బైటు చదివాకే వదులుతాయి.