'300' చలనచిత్రము : ప్రతినాయక చిత్రణము

క్రీ. పూ. 480లో థర్మోపిలే కనుమయొద్ద స్పార్టనులు పారశీక సేన నెదిర్చిన గాథను ఫ్రాంక్ మిల్లర్ 1998లో బొమ్మల కథగా వెలువరించెను. రంగులు కూర్చినది లిన్ వార్లీ. దానినే జాక్ స్నైడర్ '300' అను చలనచిత్రముగా తీసెను (2007). మూలమునందలి బొమ్మలు పెక్కు తెరపై యథాతథముగ గోచరించును. పుటపై బొమ్మ నిశ్చలము. దాని నెంతసేపు చూడవలెనన్నది పాఠకుని యిష్టము. ఆ నిశ్చలత్వమును నిలుపుకొనుటకే కాబోలు, దర్శకుడు దూసిన బల్లెమును, ఎగసిన నెత్తుటిని నడుమ మందగింపజేసి మరల వేగిరపరచును. ఈ యుక్తి మెచ్చదగినదే.

అయితే వీరరస మిందు పరిపుష్టమైనదా? శత్రువుయొక్క వంశవీర్యాదులను గూడ వర్ణించి, అట్టివానిని గెలుచుటచే నాయకోత్కర్షమును తెలుపుట హృద్యమని దండి కావ్యాదర్శమున నుడివెను. లియోనిదాసు గెలువడు, మడియును. మడియుటకైనను తగిన శత్రువు వలయును గదా! ఇచ్చటి పారశీకులు వికృతాకారులు, మృగప్రాయులు. ఆలంబనమే హీనమైనపుడు ఉత్సాహము బీభత్సమునకు జారును.

కథ చెప్పువాడు స్పార్టా సైనికుడైన డిలియోసు. తనవారిని యుద్ధమునకు పురికొల్పుటకై చెప్పుచున్నాడు. కావున శత్రువు లతని కట్లే కనబడిరని సమాధానము చెప్పవచ్చును. వికారములవరకు అది చాలును. కాని తుదివరకు నిలిచి స్పార్టనులతో కూడ మడిసిరని హెరొడోటసు చెప్పిన 700 మంది థెస్పియనులు చిత్రమున కానరారు. పగవారిని వికృతపరచిన కథకుడు తోడివారినేల మరచెను?