కుప్పల్లో దాగిన కాలం

సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో పరుచుకున్న శ్రీసిటీ పారిశ్రామిక వాడకు 2008లో పునాది పడింది. ఒకప్పటి మెట్టభూముల్లో ఇవాళ ఇసుజు పికప్ వాహనాలు, ఆల్‌స్టామ్ మెట్రో బోగీలు, కోబెల్కో ఎక్స్‌కవేటర్లు, డైకిన్ ఏసీలు తయారవుతున్నాయి. ఇలాంటి పెద్ద కంపెనీలకు విడిభాగాలు అందించి నిలబడాలనుకునే చిన్న యూనిట్లు నేర్చుకోదగ్గ విద్య ఒకటుంది. దానికి కావలసింది పెద్ద కాగితం, పెన్సిలు, స్టాప్‌వాచ్, ఓపిగ్గా నడిచే కాళ్లు. అదే వాల్యూ స్ట్రీమ్ మ్యాప్.

దీని మూలం జపాన్‌లోని టయోటా. అక్కడి ఇంజినీరు తాయిచి ఓనో వృథాను ఏడు రకాలుగా చూశాడు: అవసరానికి మించిన ఉత్పత్తి, ఎదురుచూపు, సరుకును అటూ ఇటూ మోయడం, అక్కరలేని పని, నిల్వ, మనిషి వృథా కదలిక, లోపాలు. మించిన ఉత్పత్తే వీటన్నిటికీ తల్లి అన్నది ఆయన అభిప్రాయం. సరుకు, సమాచారం నడిచే దారిని గీసుకునే టయోటా పద్ధతిని మైక్ రోథర్, జాన్ షూక్ 1998లో ‘లర్నింగ్ టు సీ’ పుస్తకం ద్వారా లోకానికి పరిచయం చేశారు.

పటం గీయడం డిస్పాచ్ దగ్గర మొదలవుతుంది. కొనేవాడికి ఏం కావాలో, ఎప్పుడు కావాలో అక్కడ తెలుస్తుంది. అక్కణ్నుంచి ముడిసరుకు దిగే చోటు దాకా వెనక్కి నడవాలి. ఒక్కో పనికి ఒక పెట్టె, మధ్యలో ఆగిన సరుకుకు త్రిభుజం. రిజిస్టరులో రాసినదాన్ని నమ్మకుండా కళ్లెదుట ఉన్నదాన్నే లెక్కపెట్టాలి.

ఒక లెక్క ఊహించుకుందాం. ఒక యూనిట్ రోజుకు 450 ఇనుప బ్రాకెట్లు ఇవ్వాలి. భోజన విరామం పోగా షిఫ్టులో మిగిలేది 450 నిమిషాలు. అంటే 60 సెకన్లకు ఒకటి తయారవ్వాలి. ఈ తాళాన్నే టాక్ట్ టైమ్ అంటారు. కోతకు 40 సెకన్లు, వంపుకు 30, వెల్డింగుకు 70, రంగుకు 40. మొత్తం 3 నిమిషాల పని. కానీ వంపు ముందు 900, వెల్డింగు ముందు 1,350, గోడౌన్లో 1,800 పడి ఉన్నాయి. రోజుకు 450 చొప్పున అవి 2, 3, 4 రోజుల సరుకు. 3 నిమిషాల పనికి 9 రోజుల నిరీక్షణ!

యజమాని కొత్త ప్రెస్ కొనాలని చూస్తుంటాడు. వంపు ఎంత వేగంగా జరిగినా వెల్డింగు ముందు కుప్ప ఇంకా పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదని పటం చెబుతుంది. 60 సెకన్ల తాళాన్ని దాటింది వెల్డింగు ఒక్కటే. ఓవర్‌టైమ్‌తో నెట్టుకొస్తున్నదీ అక్కడే. ఆ 70 సెకన్లలో వెల్డరు ముక్కలు అందుకోవడానికి ఎంత పోతోందో చూసి, ముక్కలుండే బిన్నును చేతికందే ఎత్తులో పెడితే యంత్రం కొనకుండానే సమయం తగ్గుతుంది. తర్వాత, తర్వాతి దశ పనివాళ్లు అడిగినంతే అంతకుముందు దశవాళ్లు తయారుచేసేలా రెండో పటం గీయాలి. కుప్పలు కరిగితే వాటిలో ఇరుక్కున్న పెట్టుబడి చేతికొస్తుంది. లోపం కూడా వందలకొద్దీ ముక్కలకు పాకకముందే దొరుకుతుంది.

చిన్న యూనిట్లకు ఇది అందని విద్య కాదు. 2023 మార్చిలో కేంద్రం ప్రారంభించిన ఎంఎస్ఎంఈ కాంపిటిటివ్ లీన్ పథకం సలహాదారుల ఫీజులో 90 శాతం భరిస్తుంది.

అయితే సలహాదారు ఒక్కడే గీసిన పటం గోడకు అలంకారమే. బిన్ను ఎక్కడుండాలో రోజంతా వంగి లేచే మనిషికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. చుట్టుపక్కల పల్లెల నుంచి షిఫ్టుకు వచ్చే ఆడవాళ్లను, కుర్రాళ్లను కాగితం దగ్గరికి పిలవాలి. వృథాను చూపించిన మనిషి ఉద్యోగానికే ముప్పు వస్తే రెండోసారి ఎవరూ నిజం చెప్పరు. మిగిలిన సమయాన్ని కొత్త ఆర్డర్లకు, నైపుణ్యం నేర్పడానికి వాడతామని యజమాని ముందే మాటివ్వాలి, నిలబెట్టుకోవాలి. ఆ నమ్మకం ఉన్న ఫ్యాక్టరీలోనే పటం నిజం పలుకుతుంది.