మాట కంటే ముందు చెయ్యి

మాట రాని పిల్లలకు చెప్పుకోవలసింది లేదని అనుకోకూడదు. ఎనిమిది తొమ్మిది నెలలకే పాలు కావాలో, ఎత్తుకోవాలో, పైన తిరిగే ఫ్యాను మనకు చూపించాలో వాళ్ళకు బాగా తెలుసు. నాలుక, పెదవులు ఆ పనికి లొంగడానికి ఏడాది పడుతుంది. చేతులు అంతకు ముందే మన మాట వింటాయి. ‘జేజి పెట్టు’ అంటే చేతులు జోడించే, ‘టాటా’ అంటే చెయ్యి ఊపే పాపాయిలు లేని తెలుగిల్లు ఉందా? టొరంటోకూ హామిల్టన్‌కూ నడుమ, ఒంటారియో సరస్సు ఒడ్డున ఉన్న ఓక్‌విల్ లాంటి ఊళ్ళలో తల్లులు పసిపిల్లలకు నేర్పే చేతిగుర్తులు, అంటే బేబీ సైన్ కూడా ఆ దారిదే. కాకపోతే ఇంకాస్త దూరం వెళ్తుంది.

1980లలో కాలిఫోర్నియా మనస్తత్వ శాస్త్రవేత్త లిండా అక్రెడోలో, తన పసికూతురు పువ్వు కనబడితే చాలు ముక్కు ఎగబీల్చడం గమనించారు. అది ఆ పాప పువ్వుకు పెట్టుకున్న గుర్తు. సూసన్ గుడ్విన్‌తో కలిసి ఏళ్ళ తరబడి పరిశోధించి 1996లో ‘బేబీ సైన్స్’ పుస్తకం తెచ్చారు. ఇంట్లో పుట్టిన గుర్తులైనా సరేనన్నారు వాళ్ళు. ఇదే దారి పట్టిన జోసెఫ్ గార్సియా మాత్రం బధిరుల అమెరికన్ సైన్ లాంగ్వేజ్ గుర్తులనే ఎంచుకున్నారు. ఒంటారియో బధిరుల్లో ఎక్కువమందిదీ ఆ భాషే.

ఆరేడు నెలలప్పుడు మొదలుపెట్టవచ్చు. మూడు నాలుగు గుర్తులు చాలు. పాలకు, పొదుగు పితికినట్టు పిడికిలి మూసి తెరవాలి. ‘ఇంకా’ అనడానికి రెండు చేతుల వేళ్ళ కొనలు ముడిచి ఒకదానికొకటి తాకించాలి. ‘అయిపోయింది’ అంటే మనవైపున్న అరచేతులను బయటికి తిప్పడం. చెయ్యి విప్పి బొటనవేలు గడ్డానికి ఆనిస్తే అమ్మ, నుదుటికి ఆనిస్తే నాన్న. బిడ్డ మన ముఖం చూస్తున్నప్పుడు, ఆ వస్తువు కళ్ళెదుట ఉన్నప్పుడు, నోటితో మాట అంటూనే గుర్తు చూపాలి. ఆ తర్వాత ఆగాలి. ఈ ఆగడమే పెద్దలకు కష్టం. వారాల తరబడి ఏమీ రాకపోవచ్చు. అలాగని చేతులు పట్టుకుని బలవంతంగా చేయించకూడదు.

వచ్చినప్పుడు కూడా పుస్తకంలో బొమ్మలా రాదు. పప్పన్నం తింటున్న పది నెలల పాప ‘ఇంకా’ అని చూపుడువేలితో రెండో అరచేతిలో పొడుస్తుంది, మెతుకులంటిన చేత్తోనే. చూసే కన్ను ఉంటేనే అది మాట. లేదంటే ఉత్త ఆట.

ఓక్‌విల్ తెలుగిళ్ళలో దీనికి మరో ఉపయోగం ఉంది. డేకేర్‌లో ‘మిల్క్’, ఇంట్లో ‘పాలు’. పిడికిలి మాత్రం ఒక్కటే. ఒంటారియో డేకేర్ కేంద్రాల్లో ఏడాదిన్నర లోపు పిల్లలు పదిమందికి ముగ్గురు పెద్దలుండాలి. ఆ ముగ్గురికీ తెలుగు రాకపోయినా, కూతురి దగ్గర ఉండడానికి సూపర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మకు ఇంగ్లిష్ రాకపోయినా, పాప అడిగింది అందరికీ అర్థమవుతుంది.

దీనివల్ల తెలివి పెరుగుతుందని, మాటలు తొందరగా వస్తాయని అమ్మజూపేవాళ్ళను నమ్మనక్కర్లేదు. 2005లో ఒట్టావా, వాటర్‌లూ విశ్వవిద్యాలయాల పరిశోధకులు అంతవరకు వచ్చిన అధ్యయనాలను పరిశీలించి, అలా చెప్పడానికి గట్టి ఆధారం లేదన్నారు. 2013లో బ్రిటన్‌లో ఎలిజబెత్ కిర్క్ బృందం నలభైమంది పిల్లలను ఎనిమిది నెలల నుంచి ఇరవై నెలల వరకు గమనించింది. మాటల్లో తేడా రాలేదు. గుర్తులు వాడిన తల్లులు మాత్రం బిడ్డ మనసులో ఏముందో ఎక్కువగా పట్టించుకున్నారు. నాకు ఇది చిన్న ఫలితంగా కనిపించదు. బిడ్డ చేతుల వైపు రోజూ చూడడం అలవాటైతే, ఏడవకముందే ఆకలి తెలుస్తుంది. ఇంకేం కావాలి?

ఈ గుర్తులు ఎవరివో కూడా తెలియాలి. ఓక్‌విల్ పక్కనే మిల్టన్‌లో, అదే హాల్టన్ ప్రాంతంలో, ఎర్నెస్ట్ సి. డ్రూరీ బధిరుల పాఠశాల ఉంది. ఈ గుర్తులు అలాంటి పిల్లల భాష. అయినా 1880లో మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ తర్వాత దశాబ్దాలపాటు చాలా దేశాల్లో బధిర పిల్లలను బళ్ళో చేతులతో మాట్లాడనివ్వలేదు. 1991లో మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయం నుంచి లారా ఆన్ పెటిటో, పౌలా మారెంటెట్, బధిర తల్లిదండ్రులకు పుట్టిన బధిర పిల్లలు ముద్దుపలుకులు చేతులతోనే పలుకుతారని చూపించారు. ఒంటారియో 1993లో సైన్ లాంగ్వేజ్‌ను బోధనాభాషగా ఒప్పుకుంది. 2019లో కెనడా చట్టం దాన్ని బధిరుల ప్రాథమిక భాషల్లో ఒకటిగా గుర్తించింది. వినగలిగే పిల్లలకు ముద్దుగా నేర్పుతున్న గుర్తులు, వినలేని పిల్లలకు అంత ఆలస్యంగా దక్కాయి. అందుకే వీడియోలతో, బొమ్మల అట్టలతో సరిపెట్టుకోకుండా, వీలున్నచోట బధిర గురువు దగ్గరే నేర్చుకోమంటాను. కనుబొమ్మలు ఎగరేయడం, తల వంచడం కూడా ఆ భాషలో వ్యాకరణమే. అట్టముక్క మీది బొమ్మ అది చూపలేదు.