ముడత పడని నూలు

పత్తికి తన పేరిచ్చిన రేవు కాకినాడ. గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో పండిన ఎర్రజీర దేశవాళీ పత్తి ఒకప్పుడు వ్యాపారుల లెక్కల్లో 'కోకనాడ'గా చెలామణీ అయ్యింది. ఇక్కడి గాలి మాత్రం నూలుబట్టకు గట్టి పరీక్షే పెడుతుంది. పొద్దున ఇస్త్రీ చేసిన చొక్కా మధ్యాహ్నానికే నలిగిపోతుంది.

దానికి కారణం తేమ. పత్తిపోగులోని సెల్యులోజ్ గొలుసులను హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతాయి. తడి సోకితే ఆ పట్టు సడలుతుంది, గొలుసులు జరుగుతాయి, వంగిన చోటే మళ్ళీ పట్టు బిగుస్తుంది. అదే ముడత.

మన ఇళ్ళలో దీనికి విరుగుడు గంజి. గంజి పెట్టిన పంచె ఎంత పెళపెళలాడినా ఆ బిరుసు పోగుపై పూత మాత్రమే, ఉతికితే పోతుంది. పోగు లోపలికి రెసిన్‌ను పంపే పద్ధతికి మాంచెస్టర్‌లోని టూటల్ బ్రాడ్‌హర్స్ట్ లీ సంస్థ 1926లోనే దారి వేసింది. 1950ల నుంచి అమెరికాలో రూత్ బెనెరిటో, ఆమె సహచరులు ఆ రసాయనశాస్త్రాన్ని ఎంతో ముందుకు తీసుకెళ్ళారు.

ఈ పనిలో నేర్పంతా అదుపులోనే ఉంది. బట్టను రెసిన్ ద్రావణంలో ముంచి రోలర్ల మధ్య సమంగా పిండాలి. ఆరబెట్టేటప్పుడు తొందరపడితే నీటితోపాటు రసాయనమూ పైకి వచ్చేసి పోగు లోపల వెలితి మిగులుతుంది. తర్వాత సుమారు 150 డిగ్రీల సెల్సియస్ పైన కొద్ది నిమిషాలు వేడిచేయాలి. ఆ వేడికి ద్రావణంలోని మెగ్నీషియం క్లోరైడ్ చర్యను వేగిరపరిస్తే, నిచ్చెనకు మెట్లు బిగించినట్టు గొలుసుల మధ్య అడ్డబంధాలు ఏర్పడతాయి. ఇక వంగిన పోగు తనంతట తానే సర్దుకుంటుంది.

మెట్లు ఎక్కువైనా ముప్పే. జరిగే వీలు లేక గొలుసులు బరువును పంచుకోలేవు, బట్ట చిరిగే గుణం పెరుగుతుంది. కాలరు అంచు, మడత గీత ముందుగా అరుగుతాయి. అందుకే మెత్తదనం తెచ్చే సిలికోన్ కలుపుతారు. రెసిన్ల నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ ఆరోగ్యానికి హానికరం కాబట్టి దాన్ని తక్కువగా విడుదల చేసే రెసిన్లు వచ్చాయి, అది అసలే లేని పాలీకార్బాక్సిలిక్ ఆమ్లాలూ వచ్చాయి.

నేతగాడి పనితనం కంటికి కనబడుతుంది కాబట్టి మెచ్చుకుంటాం. ముడతను తగ్గిస్తూనే నూలు బలాన్ని, మెత్తదనాన్ని కాపాడి, సరిగ్గా చాలినచోట ఆగిన ఫినిషింగ్ కార్మికుడి పనితనం కంటికి ఆనదు. ఆ నిగ్రహానికీ అంతే గౌరవం దక్కాలి.