విస్తృతి, విశేషం: ఓపెన్ వరల్డ్ గేమ్‌లలో సంచారం - ఒక పరిశీలన

వర్ణనకు కావ్యంలో ఎంత చోటివ్వాలన్న వాదం తెలుగు విమర్శలో చాలా పాతది. నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం మొదలుకొని మహాకావ్యానికి 18 వర్ణనలు ఉండాలన్న లక్షణం దండి నాటినుంచి వస్తున్నది. ప్రబంధకవులు దానిని శిరసావహించారు. ఆధునిక విమర్శకులు అదే లక్షణాన్ని చూపి ప్రబంధాలను తప్పుపట్టారు. కథ నిలిచిపోయి పట్టిక పూరించే పని మొదలవుతుందన్నది వారి ఆక్షేపణలోని సారం. గత పాతికేళ్లుగా ఓపెన్ వరల్డ్ అని పిలిచే బృహత్తర వీడియో గేమ్‌ల మీద వినిపిస్తున్న ఆక్షేపణ కూడా అక్షరాలా ఇదే. లోకం పెద్దది, పటం నిండా గుర్తులు, ఒక్కొక్క గుర్తు దగ్గరికి వెళ్లి దానిని చెరిపివేయడమే ఆట. ఇంత పెద్ద లోకంలో తిరగడం వల్ల తిరిగేవానికి ఏమి దక్కుతుందన్న ప్రశ్నను గేమ్ సమీక్షకులు మాత్రమే చర్చిస్తున్నారు. కథాసంవిధానాన్ని, దేశవర్ణనను వెయ్యేళ్లుగా పరిశీలిస్తున్న తెలుగు సాహిత్య విమర్శకు ఇందులో చెప్పవలసినది కొంత ఉన్నది.

ముందుగా కొలతలు. 1996లో వచ్చిన డాగర్‌ఫాల్ అనే గేమ్ లోకం సుమారు 1,60,000 చదరపు కిలోమీటర్లని చెబుతారు. తెలంగాణ రాష్ట్ర వైశాల్యం 1,12,077 చదరపు కిలోమీటర్లు. అంటే రాష్ట్రం కంటే పెద్దదైన భూమిని ఒక గేమ్ దాదాపు ముప్పై ఏళ్ల కిందటే నిర్మించింది. దానిలోని వేలాది ఊళ్లలో అత్యధికం గణనసూత్రం పుట్టించినవే. అదే శ్రేణిలో 2011లో వచ్చిన స్కైరిమ్ లోకం 40 చదరపు కిలోమీటర్లకు మించదు. అయినా ఆటగాళ్లు ఊళ్ల పేర్లతో సహా గుర్తుపెట్టుకొని మాట్లాడుకునేది స్కైరిమ్ గురించే. ఇక 2016 నాటి నో మ్యాన్స్ స్కై 2 యొక్క 64వ ఘాతమంత సంఖ్యలో గ్రహాలున్నాయని ప్రకటించుకున్నది. ఆ సంఖ్యను ఊహించడం కూడా కష్టం. తొలిదశలో దాని మీద వచ్చిన ప్రధాన విమర్శ మాత్రం చాలా చిన్న మాట: పదో గ్రహం తరువాత పదకొండోది చూడాలనిపించదు. తరువాతి మార్పులతో ఆ గేమ్ చాలా మెరుగుపడిందనేది వేరే విషయం. విస్తీర్ణానికీ సంచారఫలానికీ మధ్య నేరుగా సంబంధం లేదని ఇంతమాత్రం చేతనే తేలుతున్నది. మరి దేనితో ఉన్నది?

మనుచరిత్రలో పెద్దన ప్రవరుని ద్వారా ఈ ప్రశ్నకు ఒక సమాధానం ఇచ్చాడు. ప్రవరుడు ఇల్లు కదలని గృహస్థు. తీర్థయాత్రికులు వస్తే వారు తిరిగిన క్షేత్రాల విశేషాలు అడిగి తెలుసుకొని ఆనందించే స్వభావం అతనిది. ఔషధసిద్ధుడు తాను చూసిన దేశాలను వరుసగా ఏకరువు పెట్టినప్పుడు, ఇంత చిన్న వయసులో అన్ని చోట్లు ఎట్లా తిరిగావని అడుగుతాడు. సమాధానంగా దక్కినది పాదలేపం. గేమ్ పరిభాషలో దీనిని ఫాస్ట్ ట్రావెల్ అంటారు. పటం మీద ఒక చోటిని ఎంచుకుంటే మధ్యదారి లేకుండా అక్కడికి చేరుస్తుంది. లేపం పూసుకున్న ప్రవరుడు హిమాలయానికి చేరి, కొండను చూసి, మధ్యాహ్నానికి ఇంటికి బయలుదేరాలనుకుంటాడు. అప్పటివరకు అతను చేసినది సందర్శనమే. మంచుకు లేపం కరిగిపోయిందని తెలిసిన క్షణంనుంచి అది సంచారమవుతుంది. అదే కొండ, అవే చరియలు. తిరిగి వెళ్లే సౌకర్యం పోయిన తరువాత ప్రతి దారీ ఒక ప్రశ్న అవుతుంది, ఎదురైన మనిషి అవసరమవుతుంది. వరూధిని ప్రవేశం అందుకే అక్కడ కుదిరింది. పెద్దన హిమాలయాన్ని పెంచలేదు. దానినుంచి బయటపడే దారిని మూసివేశాడు, అంతే.

ఈ దృష్టితో చూస్తే 2002 నాటి మారోవిండ్‌కూ 2006 నాటి అబ్లివియన్‌కూ మధ్య జరిగిన మార్పు అర్థమవుతుంది. రెండూ ఒకే శ్రేణిలోని వరుస గేమ్‌లు. మారోవిండ్‌లో చేరవలసిన చోటుకు గుర్తు ఉండదు. వంతెన దాటి, ఫలానా రాయి దగ్గర ఎడమవైపు తిరగమని పాత్ర నోటితో చెబుతుంది. ఆ మాటను దినచర్య పుస్తకంలో చదువుకుంటూ వెతుక్కోవాలి. చెప్పిన మాటలో ఎక్కడైనా స్పష్టత లేకపోతే దారి తప్పడమే. అబ్లివియన్‌లో దిక్సూచి మీద బాణం గుర్తు వచ్చింది. ఆటగాడు చుట్టూ చూడడం మాని బాణాన్ని చూడడం నేర్చుకున్నాడు. లోకం అందంగానే ఉన్నది, కాని చదవవలసిన అవసరం లేకుండాపోయింది. 2007లో మొదలైన అసాసిన్స్ క్రీడ్ శ్రేణి ఎత్తయిన గోపురం ఎక్కితే చుట్టుపక్కల పటం తెరుచుకునే పద్ధతిని స్థిరపరచింది. ఎక్కడం వరకు బాగానే ఉంటుంది. దిగిన తరువాత మిగిలేది జాబితా.

జాబితాను గేమ్ నిర్మాతలే వెక్కిరించిన సందర్భం ఒకటి ఉన్నది. 2017లో నింటెండో విడుదల చేసిన బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో 900 గింజలు లోకమంతటా దాగి ఉంటాయి. వాటివల్ల కలిగే ప్రయోజనమంతా సగానికి లోపు గింజలతోనే పూర్తవుతుంది. పట్టుబట్టి 900 ఏరినవానికి చివర దక్కేది పేడముద్దలాంటి ఒక బంగారు వస్తువు, దానితో ఏ ఉపయోగమూ లేదు. ఏరడం ఫలం కాదని ఇంత మొరటుగా చెప్పిన కృతి సాహిత్యంలోనూ అరుదు. అదే గేమ్‌లో వాన పడితే కొండరాయి జారుతుంది, ఎక్కేవాడు ఆగి వాన వెలిసేదాకా నిరీక్షించాలి. చాలామంది విసుక్కున్న ఈ అంశమే ఆ లోకానికి బరువునిచ్చింది.

విస్తృతికి తోడు తీరిక కూడా కావాలన్నది ఇంకొక సంగతి. తెలంగాణ చిన్న పట్టణాలలోని యువకులలో చాలామందికి పెద్ద లోకాల పరిచయం ఖరీదైన యంత్రాల మీద కాక ఫోను మీద జరిగింది. 2020 సెప్టెంబరు 2న నిషేధానికి గురయ్యేదాకా వారి చేతిలో ఉన్నది పబ్‌జీ. దాని ఎరాంగెల్ పటం 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు. స్కైరిమ్ కంటే పెద్దది. దానిని తిరిగి చూసినవారు లేరు. చుట్టూ వలయం కుంచించుకుపోతుంటే ఇల్లు దాగుకునే చోటవుతుంది, కొండ గురిపెట్టే చోటవుతుంది.

వికారాబాద్, తాండూరుల మధ్య నేల ఈ చర్చకు మంచి ప్రమాణం. రెండు పట్టణాల మధ్య రైలుదారి సుమారు 40 కిలోమీటర్లు. 2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాద్ జిల్లాకు ఒక కొస అనంతగిరి, మరొక కొస కర్ణాటక సరిహద్దును ఆనుకున్న తాండూరు. అనంతగిరి ఇప్పుడు హైదరాబాదు వాసులకు వారాంతపు గమ్యం. ఫోనులోని పటం చూపిన గుర్తుల ప్రకారం పద్మనాభస్వామి ఆలయం, వ్యూపాయింట్, కోట్‌పల్లి జలాశయంలో పడవ, అక్కడినుంచి వెనుకకు. గేమ్‌లు యువతను నిజమైన ప్రకృతికి దూరం చేస్తున్నాయన్న ఫిర్యాదు తరచు వినిపిస్తుంది గాని, గుర్తునుంచి గుర్తుకు వెళ్లి చెరిపివేసే అలవాటు కొండమీదికి కారులో వచ్చే పెద్దలకూ ఉన్నది. దోషం తెరది కాదు.

పటం చూపనిది ఏమిటో గమనించాలి. అనంతగిరి కొండలలో మూసీ పుట్టి తూర్పుగా హైదరాబాదు మీదుగా పోతుంది. కాగ్నా కూడా ఆ కొండలలోనే పుట్టి పడమరగా తాండూరు వైపు పోయి భీమలో కలుస్తుంది. భీమ కృష్ణలో కలుస్తుంది. మూసీ వాడపల్లి దగ్గర అదే కృష్ణలో కలుస్తుంది. ఒక కొండ మీద విడిపోయిన వాన చివరకు ఒకే నదికి చేరుతుంది. తాండూరు వైపు వెళ్లేకొద్దీ నేల కింద పొరలు పొరలుగా సున్నపురాయి. అదే నాపరాయిగా గనులనుంచి, పాలిషింగ్ యూనిట్ల నుంచి దేశమంతటి ఇళ్ల గచ్చులకు వెళ్లింది, సిమెంటు కర్మాగారాలను రప్పించింది. పైన నల్లరేగడి. అందులో పండే కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. సరిహద్దు దగ్గరపడేకొద్దీ సంతలో తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే బేరంలో వినిపిస్తాయి. రాయికీ పంటకూ ఊరికీ భాషకూ మధ్య కారణసంబంధం ఉన్నది, వెతికితే దొరుకుతుంది. తిరగడం వల్ల దక్కేది ఆ కారణమే.

గణనసూత్రం పుట్టించిన లోకాలలో సాధారణంగా లోపించేది ఇదే. అక్కడ కొండకు నదితో, నదికి ఊరితో నిమిత్తం ఉండదు. శూన్యం దోషం కాదు. 2005 నాటి షాడో ఆఫ్ ద కొలోసస్‌లో విశాలమైన బయలు దాదాపు ఖాళీ. ఆ నిర్జనత్వం కథలోని నిషిద్ధభూమికి ఉచితమైనది. క్షేమేంద్రుడు ఔచిత్యం అన్నది దీనినే. పద్యంలోని విశేషణానికైనా గేమ్‌లోని మైదానానికైనా అక్కడ ఉండడానికి కారణం కావాలి.

కారణాన్ని వెతకడమే కథనంగా మలచిన తెలుగు కృతి కాశీమజిలీ కథలు. మధిర సుబ్బన్న దీక్షితులు 12 భాగాలుగా వెలయించిన ఈ గ్రంథాన్ని పండితలోకం కాలక్షేపసాహిత్యమని పక్కన పెట్టింది. దాని నిర్మాణాన్ని మాత్రం ఇప్పుడు మళ్లీ చూడవలసి ఉన్నది. మణిసిద్ధుడనే యతికి కాశీకి తోడుగా వెళ్లడానికి గోపకుమారుడు ఒక షరతు పెడతాడు. ప్రతి మజిలీలోనూ తాను చూసిన వింతకు కారణం చెప్పాలి. మజిలీ చేరగానే పిల్లవాడు ఊరు తిరిగి వస్తాడు, చూసినది అడుగుతాడు, యతి మణి మహిమతో తెలుసుకొని కథ చెబుతాడు. తిరుగుడుకు ఫలంగా పిల్లవానికి చేతికి వచ్చేది ప్రశ్న ఒక్కటే. దారి కాశీదే అయినా నడిపించేది ఆ ప్రశ్న. చెప్పినది విని మరునాడు నడవడానికి అతను సిద్ధపడతాడు. ఇందులోనూ లోపం ఉన్నది. కథలు పెరిగేకొద్దీ ఊరు నిమిత్తమాత్రమై, ఏ వింత ఏ మజిలీలో కనిపించినా పెద్ద తేడా రాని స్థితి చాలాచోట్ల వస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసునుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చి రాసిన కాశీయాత్ర చరిత్రలో ఆ లోపం లేదు. మజిలీకీ మజిలీకీ దూరం, దారి స్థితి, నీళ్లు, అంగళ్లు, బస చేయడానికి చోటు - చదివేవానికి విసుగు పుట్టించే వివరాలే ఆ గ్రంథాన్ని మరొక ఊరికి అతకకుండా కాపాడాయి.

ఈ రెండింటి గుణాలు కలిసిన గేమ్ 2019 నాటి ఔటర్ వైల్డ్స్. దాని సౌరకుటుంబం చాలా చిన్నది. 22 నిమిషాలకొకసారి సూర్యుడు పేలి కాలం మళ్లీ మొదటికి వస్తుంది. ఆటగానికి ఆయుధం పెరగదు, ధనం పెరగదు. తెలుసుకున్నది ఒక్కటే మిగులుతుంది. ఒక శిథిలంలో చదివిన మాట మరొక గ్రహం మీది తలుపు తెరుస్తుంది. అన్నీ తెలిసినవాడు మొదటి 22 నిమిషాలలోనే ఆటను ముగించగలడు, అంటే అడ్డుగా ఉన్నది దూరం కాదు, అజ్ఞానం. బృహత్తర గేమ్‌లు వందల గంటలతో సాధించదలచినది ఇది కొన్ని గంటలతో సాధించింది. అయితే ఒకసారి ముగించినవాడు దానిని మళ్లీ మొదటిసారిగా ఆడలేడు. స్కైరిమ్ అభిమానులు ఈ మాట ఎత్తిచూపితే ఒప్పుకోవలసిందే. తెలిసిన ఊళ్లోకి పని లేకుండా మళ్లీ వెళ్లి తిరిగే సుఖం స్కైరిమ్ ఇస్తుంది, ఔటర్ వైల్డ్స్ ఇవ్వదు.

తెలుగు నేల మీద ఇటువంటి లోకాన్ని నిర్మిస్తే ఎదురయ్యే చిక్కు భాష దగ్గర ఉంటుంది. మారోవిండ్ పద్ధతిలో తాండూరు దారి నోటిమాటగా చెప్పించాలంటే, ఎవరు ఎవరిని అడుగుతున్నారో ముందు తేల్చుకోవాలి. బండల గనిలో పనిచేసే పెద్దాయనను పట్నంనుంచి వచ్చిన యువకుడు కాకా అని పిలిస్తే ఒక రకం సమాధానం, సార్ అంటే మరొక రకం, మాట కలపకుండా ఫోను చూపిస్తే చేయి ఎత్తి చూపడం వరకే. కాగ్నా అవతల కన్నడంలో అడిగినవానికి తెలిసే దారి ఇవతల ఉర్దూలో అడిగినవానికి తెలియకపోవచ్చు. దిక్సూచి మీది బాణం ఈ భేదాలన్నింటినీ రద్దు చేస్తుంది. ఏ సంబోధనకు ఏ దారి తెరుచుకుంటుందో రాయగల రచయిత కావాలి. ఆ పని చిత్రకారునికంటే, గణనసూత్రం రాసేవానికంటే, మాండలికం చదివినవానికి దగ్గరగా ఉన్నది.