కల్యాణకట్ట దాటాక

తిరుమల కల్యాణకట్టలో టోకెనుతో పాటు సగం బ్లేడు చేతికిస్తారు. కొళాయి దగ్గర తల తడుపుకుని, కింద కూర్చుని వంచాలి. మా అవ్వ అట్లా తల వంచినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నాకప్పుడు పదకొండేళ్లు. సగం నెరిసినా నడుము దాకా ఉన్న జడ నాలుగు నిమిషాల్లో తడికుప్పయిపోయింది. టైఫాయిడ్ నుంచి మా మామ బతికి బయటపడితే తలనీలాలిస్తానని మొక్కుకుందామె. “మూడు కత్తెర్లు ఇచ్చినా చాల్లే అత్తా” అని మా పిన్ని అంటే వినలేదు. లేచి బోడితల తడుముకుని నవ్వింది. తలనీలాల మీద వచ్చిన సినిమాలూ పుస్తకాలూ చూసినప్పుడల్లా నేను ఆ నవ్వునే వెతుక్కుంటాను.

2009లో వచ్చిన ‘గుడ్ హెయిర్’ డాక్యుమెంటరీని అమెరికా నల్లజాతి హాస్యనటుడు క్రిస్ రాక్ తన చిన్న కూతురు అడిగిన ప్రశ్నతో మొదలుపెడతాడు. తనకు ‘మంచి జుట్టు’ ఎందుకు లేదని ఆ పిల్ల బెంగ. జుట్టు సాఫీ చేసుకోవడానికి నల్లజాతి స్త్రీలు పూసుకునే మందులు, వాయిదాల మీద కొనుక్కునే సవరాలు, వాటి వెనకున్న జాతి అవమానం, ఇదంతా సినిమా చక్కగా పట్టుకుంది. అయితే ఆ సవరాల పుట్టుక వెతుక్కుంటూ కెమెరా మన కొండెక్కేసరికి చూపు మారిపోతుంది. అక్కడి ఆడవాళ్లకు సెలూన్ కుర్చీలో కూర్చుని తమ మీద తాము నవ్వుకునే తీరిక ఉంది, మాట ఉంది. ఇక్కడి ఆడవాళ్లకు వంచిన తలలే మిగిలాయి. వర్ణవివక్షను అంత సూటిగా చూసిన సినిమాకు కూడా మన స్త్రీ ముడిసరుకుగానే కనిపించింది.

మానవశాస్త్రవేత్త ఎమ్మా టార్లో 2016లో ప్రచురించిన ‘ఎన్‌టాంగిల్‌మెంట్’ దీనికంటే చాలా నయం. ఆమె తొందరపడదు. గుడిలో ఇచ్చిన జుట్టుతో ఆగకుండా దువ్వెనకు రాలిన చిక్కు జుట్టు వెంట కూడా దేశాలు తిరుగుతుంది. ఆ పుస్తకంలో నన్ను ఎక్కువసేపు ఆపేసింది 2004 నాటి గొడవ. పెళ్లయిన సనాతన యూదు స్త్రీలు తమ జుట్టు పరాయి మగవాళ్ల కంట పడకూడదు కాబట్టి, చాలామంది విగ్గు పెట్టుకుంటారు. ఆ విగ్గుల్లో ఉన్నది తిరుమలలో విగ్రహానికి అర్పించిన జుట్టేమోనని అనుమానం వచ్చింది. జెరూసలేంలోని మతపెద్ద యోసెఫ్ ఎల్యాషివ్ తరఫున ఒక రబ్బీ తిరుపతికి వచ్చి విచారించి వెళ్లాడు. అది విగ్రహారాధన కిందికే వస్తుందని, ఆ విగ్గులు వాడరాదని ఎల్యాషివ్ తీర్పు చెప్పాడు. న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో, ఇజ్రాయెల్‌లో విగ్గులు కుప్పలుపోసి తగలబెట్టారు.

జుట్టు గర్భగుడి దాకా పోదు, అహంకారం వదులుకోవడమే అసలు సంగతి అని మనవాళ్లు చెప్పే సమాధానం. స్వామి తలకు దెబ్బ తగిలి జుట్టు ఊడినచోట గంధర్వకన్య నీలాదేవి తన కురులు కోసి అతికించిందన్న కథ మాత్రం ఎల్యాషివ్ పక్షానే నిలబడేట్టుంది! అదలా ఉంచండి. ఇచ్చింది స్త్రీలు, పెట్టుకున్నది స్త్రీలు, ఖరీదైన విగ్గు పోగొట్టుకున్నదీ స్త్రీలే. ఆ జుట్టు శుద్ధమా అశుద్ధమా అని తేల్చింది మాత్రం రెండుచోట్లా మగవాళ్లు. విచారణకు అంతదూరం వచ్చిన మనిషి ఈ జుట్టు ఎవరికి చెందుతుందో అడగవలసి వచ్చింది గానీ, అమ్ముతారని ఇచ్చినామెకు తెలుసా అని అడగవలసిన అవసరం ఆ శాస్త్రంలో లేదు.

ఆ అవసరం వ్యాపారంలోనూ లేదు. తలనీలాలను పొడవును బట్టి రకాలుగా వేరుచేసి దేవస్థానం వేలం వేస్తుంది. 31 అంగుళాలు దాటింది మొదటి రకం. తెల్లజుట్టుదీ ఒక రకమే. 2025-26 బడ్జెట్లో తలనీలాల మీద దేవస్థానం వేసుకున్న రాబడి అంచనా 176.5 కోట్లు. మన గుళ్ల జుట్టుతో సవరాలు చేసే ఇటలీ కంపెనీ గ్రేట్ లెంగ్త్స్, ఆ స్త్రీలు ఇష్టపూర్వకంగా ఇచ్చారు కాబట్టి తమ సరుకు నైతికమైనదని ప్రచారం చేసుకుంది. ఇష్టపూర్వకమే, కాదనను. కాని మా మామ జ్వరం ఆ మాటలో ఎక్కడ ఇముడుతుంది? కొడుక్కో మొగుడికో ఒళ్లు బాగాలేకపోతే తన తల మొక్కుకునే ఆడదాని ఇష్టం దేవుడికీ ఆమెకూ మధ్య సంగతి. దాన్నే తెచ్చి ఇటలీలో సరుకు మీద ముద్రగా కొట్టుకుంటే అది ఇంకొకరి లెక్కలోకి పోయినట్టే.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. విధవలకు బలవంతంగా గుండు గీసిన చరిత్ర చదువుకున్న మా తరం స్త్రీవాదులకు బోడితల కనిపిస్తే బాధితురాలే కనిపిస్తుంది. అదే చూపుతో పెద్దయ్యాక అవ్వనడిగాను, నీ ఎంటికలు వేలమేసి విదేశాలకు అమ్ముతారని తెలుసా అని. “తెలీకేం? ఇచ్చినాక మనదెట్లవుతాది మే? సామికిచ్చి లెక్కడుగుతారా ఎవరన్నా” అని నన్నే కసిరింది. నేను రాసుకుందామనుకున్న వ్యాసం అక్కడే ఆగిపోయింది. ఆమె లెక్క అడగకపోవడం ఆమె ధర్మం. అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ లెక్క చెప్పకుండా ఉండడానికి అది హామీపత్రం కాదు. ఈ రెంటినీ విడదీసి చూడగలిగిన రచన నాకింకా దొరకలేదు. టార్లో దగ్గరిదాకా వచ్చింది.

చిక్కు జుట్టు గురించి ఆమె రాసింది చదువుతుంటే పూతలపట్టు పక్కన మా పల్లె గుర్తొచ్చింది. గుండు తర్వాత జుట్టు మళ్లీ పెరిగాక, దువ్వుకున్నప్పుడల్లా రాలింది చుట్టచుట్టి చూరులో దోపేది అవ్వ. స్టీలు సామాన్లవాడు వీధిలోకొస్తే ఆ ఉండలన్నీ తీసుకుపోయి అరుగు మీద పరిచేది. వాడు చిన్న గిన్నె చూపిస్తే ముట్టుకునేది కాదు. “నా ఎంటికలు చూడు, జానెడు మూరెడు” అంటూ పావుగంట బేరమాడి, మూతున్న గిన్నె తీసుకున్నాకే లోపలికొచ్చేది.